శెట్టిగారి మొలతాడు

వేటపాలెంలో ఒక జీడిపప్పు వ్యాపారి ఉండేవాడు. ఆయన కాటా అంటే ఊళ్లో అందరికీ గురి. ఆదివారం పొద్దున బస్తాలు ఎక్కించకముందే శెట్టిగారు చెప్పులు విడిచి తానే ఆ కాటా ఎక్కేవాడు. 66 కిలోలు. తన పెళ్లినాడూ అంతే, కూతురి పెళ్లినాడూ అంతే. "ఒక్క కిలో పెరిగానా చూడండిరా" అని గుమాస్తాలకు చూపించి, కాఫీలో ఇంకో చెంచా పంచదార వేయించుకునేవాడు.

వ్యాపారంలో మాత్రం ఆయన బరువును నమ్మింది లేదు. గింజల లోడు దిగితే నాలుగైదు బస్తాల్లోంచి గుప్పెడేసి తీయించి, కోయించి, లోపల పప్పు చూసేవాడు. తడిసిన గింజ బరువు బాగానే తూగుతుంది, పప్పు చూస్తే ముడుచుకుపోయి ఉంటుంది. పుచ్చులెన్నో, మచ్చలెన్నో తేలాకే ధర మాట. తన ఒంటి సంగతికొచ్చేసరికి కాటా చెప్పిందే వేదం.

గుడి మెట్ల పక్కన మొలతాళ్లు, తోరాలు అమ్ముకునే మామ్మ ఒకామె ఉండేది. శెట్టిగారికి చిన్నప్పటినుంచీ మొలతాడు ఆమె దగ్గరే. తెలిసినవాళ్లకైతే జాన పెట్టి కొలిచి, ముడికి నాలుగు వేళ్లు వదిలి కోసేది. ఒకనాడు పాత తాడు తెగితే ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఐదు జానలు కోస్తున్నా నాయనా."

"ఐదేంటి మామ్మా? నాది నాలుగు కదా!"

"నాలుగు నీ పెళ్లప్పటి మాట. ఏడాదికింత జరుగుతా వస్తంది. నువ్వు పంచె పొట్ట కిందకి దింపి కట్టుకుంటున్నావు, అందుకే బిగుతు తెలవట్లా."

"నేను ఒక్క కిలో పెరగలేదు. కావాలంటే వచ్చి కాటా చూసుకో."

"కాటా అబద్ధమాడిందని నేనన్నానా? నీ పిక్కలు చూసుకో ఒకసారి. సైకిలు మీద చీరాల పోయొచ్చే రోజుల్లో రాయిలా ఉండేవి. అక్కడిది పొట్టలోకొచ్చి కూర్చుంది. అటు తగ్గిందీ ఇటు పెరిగిందీ చెల్లుకు చెల్లయితే నీ కాటాకేం తెలుస్తది?"

శెట్టిగారికి ఒళ్లు మండింది. పంతం పట్టి నాలుగు జానలే కోయించుకుపోయాడు. ఆ తాడు కట్టుకోబోతే ముడికే అందలేదు.

కొన్నాళ్లకు కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ ఎంతకీ మానలేదు. చీరాలలో డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ముందు బరువు చూశారు, 66. ఆయన మొహం వెలిగింది. తరవాత నడుముకు టేపు చుట్టారు, 98 సెంటీమీటర్లు. ఆపైన రక్తపరీక్ష కాగితం వచ్చింది. షుగర్ ఎప్పటినుంచో ఉన్నట్టుంది, ఇన్నాళ్లూ చూపించుకోలేదా అన్నాడు డాక్టరు. శెట్టిగారు మాట్లాడలేదు. జన్మలో ఆయన కోసి చూడకుండా కొన్న బస్తా ఒక్కటే, అది తనదే.

నీతి: ఒంటి బరువు ఎంతో చూసుకుని ఊరుకోకు, అది ఎక్కడ చేరిందో కూడా చూసుకో.

మామ్మ చెప్పినదాంట్లో ఒక్క సవరణ. పిక్కల్లోది లేచి పొట్టలోకి రాదు. వయసు మీదపడి, కూర్చుని చేసే పని ఎక్కువైతే కండ తగ్గుతుంది, కొవ్వు వేరేగా చేరుతుంది. అది చర్మం కింద, తొడల్లో చేరితే కొంత నయం. పేగుల చుట్టూ, కాలేయంలో చేరిందే ప్రమాదం. ఆ కొవ్వు నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు కాలేయాన్ని ముంచెత్తి, ఇన్సులిన్ పనిచేయకుండా చేస్తాయన్నది వైద్యులిచ్చే ముఖ్యమైన వివరణ. షుగరు, బీపీ, గుండెజబ్బు ఆ వెనకే వస్తాయి. పొట్ట దగ్గర చేరే కొవ్వు వేరు, తొడల దగ్గర చేరేది వేరు అని ఫ్రాన్సులో జాన్ వాగ్ అనే వైద్యుడు 1947లోనే రాశాడు.

శెట్టిగారిది కల్పిత కథ. ఇది మాత్రం జరిగింది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో వచ్చింది: పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి గుట్టు ఇంత సూటిగా చెప్పిన బొమ్మ నేను ఇంకోటి చూడలేదు. మరుసటి ఏడు, 52 దేశాల్లో సుమారు 27 వేలమందిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం కూడా గుండెపోటు ముప్పును బీఎంఐ కన్నా నడుముకూ పిరుదులకూ ఉన్న నిష్పత్తే బాగా పట్టిస్తుందని తేల్చింది.

అందుకే మనవాళ్లకు నడుము హద్దులు తక్కువ. అమెరికాలో మగవాళ్లకు 102 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 88 అంటే, మనకు 90, 80. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి నడుము, పిరుదులు కొలిచారు. ఆ రెండింటి నిష్పత్తి చూస్తే దేశంలో సగానికి పైగా ఆడవాళ్లు, సగానికి కాస్త తక్కువగా మగవాళ్లు ముప్పు గీత దాటి ఉన్నారు. మొలతాడు మగవాడి కథే గానీ జబ్బుకు ఆ తేడా లేదు. లంగా బొందు ఎక్కడ బిగిస్తే అదే నడుమనుకుంటే ఆడవాళ్లూ శెట్టిగారిలాగే మోసపోతారు.

ప్యాంటు సైజు కూడా నడుము కొలత కాదు, బెల్టు పొట్ట కిందకి జారిపోయి చాలాకాలమైంది. టేపు చుట్టాల్సింది చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా. (ఈ చివరిది మగవాళ్లకు మహా కష్టం.) టేపు లేకపోతే మీ ఎత్తంత దారం తీసుకుని సగానికి మడిచి అక్కడే చుట్టండి. పెద్దవాళ్లకు నడుము ఎత్తులో సగం లోపే ఉండాలని బ్రిటన్ ఆరోగ్య సంస్థ 2022లో సలహా ఇచ్చింది. గర్భిణులకు, పొట్టలో నీరు చేరినవాళ్లకు ఈ కొలత పనికిరాదు. మిగతావాళ్లకు దారం కొసలు కలవలేదంటే జబ్బు వచ్చేసినట్టు కాదు, పరగడుపున వెళ్లి షుగరు, కొలెస్ట్రాలు చూపించుకుని, పనిలోపనిగా బీపీ కూడా కొలిపించుకోవాలి.