‘లగ్వ్’ అంటే ఏమిటి?

దివ్య ఖుర్ఆన్ 23వ సూరా ‘అల్ మోమినూన్’ ప్రారంభంలో సాఫల్యం పొందే విశ్వాసుల గుణగణాలు పేర్కొనబడ్డాయి. మొదట నమాజులో అణకువ. ఆ వెంటనే జకాత్ వస్తుందనుకుంటాం. కాని ఆ రెంటికీ మధ్య, మూడవ ఆయతులో, ‘లగ్వ్’కు దూరంగా ఉండటం ఉంది. దీన్ని తెలుగులో ‘వ్యర్థ విషయాలు’ అంటున్నాం. ఉర్దూలోనైతే ఇది దాదాపు తిట్టు. ఎవరి మాటనైనా ‘లగ్వ్’ అన్నామంటే గొడవే!

అరబీలో దీని భావం ఇంకాస్త లోతైనది. లెక్కలోకి రాని మాటే లగ్వ్ అంటారు ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ. ఆలోచన లేకుండా వెలువడే మాటను ఆయన పిచ్చుకల కిచకిచలతో పోల్చారు. రక్త పరిహారంగా ఒంటెలు ఇచ్చేటప్పుడు లెక్కలో చేర్చని పిల్ల ఒంటెలను కూడా అరబ్బులు లగ్వ్ అనేవారు. పిల్ల ఒంటె పనికిమాలినదేమీ కాదు. ఆ లెక్కలో అది చేరదు, అంతే.

ఈ భావం తెలిస్తే ‘అల్ బఖరా’ 225వ ఆయతు సులభంగా బోధపడుతుంది. అలవాటుగా నోట దొర్లే ‘వల్లాహి’ వంటి ప్రమాణాలు లగ్వ్. వాటికి అల్లాహ్ మనల్ని పట్టుకోడు. ఇక్కడ లెక్కలోకి రాకపోవడమే మనపాలిట కారుణ్యం! జుమా ఖుత్బా విషయంలో ఇది తిరగబడుతుంది. ఖుత్బా జరుగుతుండగా పక్కవాడితో “మాట్లాడకు” అన్నా లగ్వ్ చేసినట్లేనని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. చెప్పింది మంచి మాటే. కాని ఆ వేళ మన బాధ్యత వినడం.

కనుక “దీనివల్ల లాభమేమిటి?” అన్న ఒక్క ప్రశ్నతో లగ్వ్‌ను తేల్చలేం. గంటల తరబడి సెల్‌ఫోన్ చూస్తూ కూర్చోవడం గురించి ఫత్వా అడగనక్కర్లేదు. చిక్కంతా ఇంటి మనుషులతో గడిపే సమయం దగ్గరే వస్తుంది.

మదరసా సెలవుల్లో ఇంటికి వస్తే మా నానీ (అమ్మమ్మ) రోజూ మగ్రిబ్ తర్వాత ఒకే కథ చెప్పేది. తన చిన్ననాటి ఊరు, ఒక బావి, తప్పిపోయిన మేక. “ఇది లగ్వ్ నానీ, నేను తిలావత్ చేసుకోవాలి” అని మధ్యలోనే లేచిపోయేవాణ్ణి. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారన్న అబూ దావూద్ హదీసును అప్పటికే చదివాను. పరీక్ష కోసం కంఠస్థం కూడా చేశాను!

ఆమె ఏమీ అనేది కాదు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. ఆ మేక దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.