మిగిల్చినది దాసోహము



పండ్రెండవ శతాబ్దిలో కల్యాణ నగరమున, అనగా నేటి కర్ణాటకములోని బసవకల్యాణమున, ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను శరణ దంపతులుండిరి. ఆయ్దక్కి యనగా కన్నడమున ఏరిన బియ్యము. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చి, వండి, జంగమ దాసోహము చేయుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెనని కథ. లక్కమ్మ సంతసింపలేదు. నేటికి వలసినంత చాలును, మిగిలినది తెచ్చిన చోటనే వేసి రండని భర్తను పంపెను. నిరుపేద యిల్లాలు అదనపు సొత్తును తనదనుకొనక, మరొకరి పాలని తలచెను.

ఈ కథను బడిలో పిల్లలకు పలుమార్లు చెప్పితిని. అయినను దాని యర్థము మా యింటి మిద్దె క్రిందనే నాకు తెలిసినది. ఒక వేసవి ఉదయమున మోటారు వేసి పూజకు కూర్చుంటిని. తొట్టి నిండి, నీరు పొర్లి వీధిలోనికి పారినది. లేచి వచ్చి చూడగా, ప్రక్కవీధి ముదుసలి మా గోడవెంట కారు నీటిని బిందెకు పట్టుకొనుచుండెను. ఆమె నన్నేమియు అనలేదు. ఉద్ధరిణెడు నీటితో ఇష్టలింగార్చన ముగించి వచ్చిన నాకు ఆమె మౌనమే గురూపదేశమైనది.

మన అష్టావరణములలో పాదోదకము, ప్రసాదము చేరియున్నవి. నీటిని, అన్నమును గురు లింగ జంగమముల సరసన నిలిపిన మార్గము మనది. ప్రసాదమును పారవేయ వెరచు మనము కారుచున్న కుళాయిని ఎట్లు ఉపేక్షింతుము? క్షణమునకొక చుక్క కారిన దినమునకు 86,400 చుక్కలు. రాత్రి దాని క్రింద బిందె ఉంచి, తెల్లవారి చూడుడు. ఆ నీటిని మిద్దెకెక్కించినది విద్యుత్తే గనుక, నీరు కాపాడినవాడు విద్యుత్తును కూడ కాపాడినవాడే.

వేయి వాట్ల పరికరము గంటసేపు నడిచిన ఒక యూనిట్టు ఖర్చగును. 60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగిన 30 దినములకు 9 యూనిట్లు. ఇంచుమించు అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు ఒకటిన్నర యూనిట్టు కూడ పట్టదు. వంటయింట ఎసరు మరిగిన పిదప మంట హెచ్చించినను నీటి వేడి పెరుగదు. ఆవిరి మాత్రము పెరుగును. కనుక మంట తగ్గించి మూత పెట్టవలెను. పప్పు ముందుగా నానబెట్టిన గ్యాసు తక్కువ పట్టును. బియ్యము కడిగిన నీరు పూలమొక్కలకు పోయవచ్చును. నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఒక సెంటీమీటరు వాన కురిసిన వేయి లీటర్ల నీరు. దానిని ఇంకుడుగుంతకు మళ్ళించిన మన బావికే గాక, పొరుగువారి బావికిని మేలు.

ఇది పిసినారితనము గాదా యని కొందరు అడుగవచ్చును. లోభి తనకొరకు దాచును. శరణుడు ఇతరుల కొరకు మిగుల్చును. రెండింటికి భేదమిదియే. కరెంటు బిల్లులో తగ్గిన రూపాయలను మరొక ఆడంబరమునకు వెచ్చించిన మన పొదుపు వ్యర్థము. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలాది విద్యార్థులకు ఉచితముగా అన్నము, వసతి లభించుచున్నవి. అట్టి దాసోహమునకు మన యింటి పొదుపు కూడ ఒక పిడికెడు బియ్యము కావచ్చును.

నేడు మా యింట మోటారు వేసినవారు తొట్టి నిండువరకు కదలరాదని నియమము. పూజ ఆ తరువాతనే. గోడవెలుపల ఒక కుళాయి పెట్టించితిని. ఆ ముదుసలి యిపుడు కారు నీటికై వేచియుండదు. తన పాలు తాను పట్టుకొని పోవుచున్నది.