బిడ్డ వంతు అన్నము

పుదుచ్చేరిలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టు పద్ధతి ఫ్రెంచివారి పాలనలో, 1930వ సంవత్సరముననే ఆరంభమైనది. ఆకలిగొన్న బాలునకు చదువు తలకెక్కదన్న మాట తల్లులందరు నెరిగినదే. ఏలినవారు దానిని గుర్తించుటయే విశేషము.

2020 మార్చిలో కరోనా వ్యాధిభయముచే బడులు మూతపడగా, బడివంటయు నిలిచిపోయినది. మార్చి 25 నుండి దేశమంతటను రాకపోకలు స్తంభించినవి. అంతకు వారము ముందే, 18వ తేదీన, సుప్రీంకోర్టు తనంత తానుగా ఈ విషయమును చేపట్టి, పిల్లల భోజనమునకు ఏర్పాటేమని రాష్ట్రములను ప్రశ్నించినది. పుదుచ్చేరి ప్రభుత్వము వండిన అన్నమునకు మారుగా పిల్లల కుటుంబములకు బియ్యమును, కొంత రొక్కమును ఇచ్చినది.

ధర్మసందేహము ఇక్కడనే పుట్టుచున్నది. ప్రాథమిక పాఠశాల విద్యార్థికి దినమునకు 100 గ్రాముల ధాన్యమని నియమము. బడిలో అది బాలుని కంచమున పడును, అతడే తినును. ఇంటికి చేరిన బియ్యము ఒకే కుండలో ఉడుకును. కూలి పోయిన తండ్రి, ముసలి అవ్వ, బడి యీడు రాని చెల్లెలు, అందరును ఆ కుండ చుట్టు చేరుదురు. వేరు గింజ లేని యింట ఐదుగురున్నచో బాలునికి దక్కునది 20 గ్రాములు. దాత సంకల్పము నెరవేరినట్లేనా?

ఇచ్చిన పిదప ఎవరు తినిరని అడుగరాదని కొంద రందురు. ప్రతిఫలమును కోరని దానమే సాత్త్వికమని గీత పదునేడవ అధ్యాయము బోధించుచున్నది గదా! పెద్దల విషయమున ఈ మాట చెల్లును. కాని బాలుడు తన వంతును తాను అడిగి పుచ్చుకొనలేడు. అతని పక్షమున ఒకరు అడుగవలసినదే. ఐతే ఎవరిని? తల్లిని కాదు. గంజి పంచిన తల్లిని దోషిగా నిలుపుట కఠినహృదయుల పని. చెల్లెలు పస్తుండగా ఒక్కడే తినుమని నేర్పిన యన్నము బాలుని దేహమును పెంచునేమో గాని మనస్సును కుంచింపజేయును. దాత తన్నుతానే అడుగుకొనవలెను: ఆ యింటికి సరిపడ ఇచ్చితినా? 2020 ఏప్రిల్ నుండి కేంద్రప్రభుత్వము ఆహారభద్రతా చట్టము క్రిందికి వచ్చు పేదలకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము ఉచితముగా కేటాయించుట ఇందువలననే బిడ్డలకును మేలు. ఇంటిల్లిపాదికి కొంత దొరికిననే గాని బిడ్డ వంతు బిడ్డకు మిగులదు. పుదుచ్చేరి పట్టణమునకును, ఆ పాలనలోనే యున్న తెలుగువారి యానామునకును ఈ మాట సమానమే.

బియ్యపు సంచిలో పోసి పంపరానిది మరియొకటి కలదు. అది పంక్తి. ఏ కులపు బిడ్డయైనను ప్రక్కవానిని ఒరసికొని కూర్చుండి, ఒకే గరిటెతో వడ్డించిన అన్నము తినుట బడిలోనే పొసగును. పుదుచ్చేరికి దక్షిణమున వడలూరులో రామలింగస్వామి 1867లో సత్యధర్మశాలను స్థాపించి, కులభేదము పాటింపక ఆకలిగొన్న వారందరికి అన్నము పెట్టించెను. ఆనాడు రగిల్చిన పొయ్యి నేటికిని ఆరలేదని ప్రతీతి. 2020లో బడుల పొయ్యిలు ఆరినవి. బియ్యము ఇండ్లకు చేరినది. పంక్తి మాత్రము బడులు మరల తెరచుకొను దాక లేదు.