పసితనం ఎవరి సొత్తు?

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక సైకిలు పోయిందనుకుందాం. అక్కడ ముగ్గురు పిలకాయలున్నారు. ముగ్గురికీ పద్నాలుగేళ్లే. పెద్దింటి పిల్లోణ్ణి "ఏం నాయనా, ఎవురన్నా తీసకపోతుంటే చూశావా?" అని అడుగుతారు. మా సాయిబుల పిల్లోణ్ణి "ఏరా, నీ పేరేంది?" అంటారు. ఎరుకల పిల్లోణ్ణి ఏమీ అడగరు. చెయ్యి పట్టుకుంటారు.

వయసు ఒకటే అయినప్పుడు పసితనం మూడు రకాలు ఎందుకైంది?

ఈ చూపు ఇవాళ పుట్టింది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. పుట్టుకనే నేరం చేశారు. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని విడదీసే అధికారం కూడా అందులో రాసుకున్నారు. మా ఉదయగిరికి తూర్పున, కావలిలోనే ఎరుకల సెటిల్‌మెంటు నడిచింది. 1952లో చట్టం పోయింది. ముద్ర పోలేదు. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమని 2024లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డకు దురుద్దేశం లేదనే అనుకోవాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం అంటుంది. అదే చట్టం, ఘోరమైన నేరమైతే పదహారు నిండినవాణ్ణి పెద్దవాడిగా విచారించే దారీ తెరిచింది. వాడికి మంచిచెడ్డలు ఎంత తెలుసో బోర్డు కొలవాలట. ఆ తక్కెడలో మా పేర్ల బరువెంత?

పెద్దల జైళ్ల లెక్క చూడండి. 2011 జనాభాలో ముస్లింలు నూటికి 14.2. 2015లో శిక్ష పడిన ఖైదీల్లో 15.8. విచారణ ఖైదీల్లో మాత్రం 20.9. ఇందులో బీదతనమూ ఉంది, పూచీ ఇచ్చేవాళ్లు లేకపోవడమూ ఉంది. అయినా తీర్పు కంటే ముందే అనుమానం మమ్మల్ని లోపలికి తోస్తోందని ఆ అంకెలు చెప్పడం లేదా?

ఇక మేమూ ఒకటి ఒప్పుకోవాలి. మా వీధిలో చెంబు పోతే మా కళ్లూ ముందు ఎరుకల గుడిసెల వైపే పోతాయి. మాకు తగిలిన రాయినే తీసి ఇంకొకరి బిడ్డ మీద వేస్తున్నాం. అలాంటప్పుడు మా బాధను న్యాయం అని ఏ నోటితో అంటాం?

మా పిలకాయలకు ప్రత్యేకమైన దయ అడగడం లేదు. పెద్దింటి బిడ్డకు అడక్కుండానే దొరికే ఒక్క మాట చాలు: "చిన్నోడు, తెలీక చేశాడు." ఆ మాట ఎరుకల పిల్లోడి కోసం ముందు మా నోటి నుంచే రావాలి. అప్పుడే దాన్ని మా బిడ్డలకోసం గట్టిగా అడగ్గలం.