కాదనలేని వారసత్వం

వారసత్వమనగానే సామాన్యంగా మనసుకు తోచేవి ఇల్లు, పొలం, బంగారం. ఆ తరువాత అప్పు. ఆస్తి ఎవరికి చెందాలి, అప్పు ఎవరు తీర్చాలి అన్న ప్రశ్నలకు ప్రతి సమాజమూ తనదైన సమాధానం చెప్పుకొన్నది. తండ్రి ఋణాన్ని తీర్చడం కుమారుని ధర్మమని మితాక్షర సంప్రదాయం విధించింది. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం, అటు తరువాత చేసిన అప్పుల విషయంలో ఆ బాధ్యతను తొలగించింది. పుదుచ్చేరికి ఈ విషయంలో మరొక అనుభవం కూడా ఉన్నది. హిందువులు, ముస్లిములు తమ ఆచారాలను అనుసరించే వెసులుబాటు కల్పిస్తూనే, 1819లో ఇక్కడ ఫ్రెంచి పౌరస్మృతిని ప్రకటించారు. ఆ స్మృతి ప్రకారం వారసునికి మూడు మార్గాలుండేవి. వచ్చినదానిని వచ్చినట్లు స్వీకరించవచ్చు, పూర్తిగా నిరాకరించవచ్చు, లేదా ఆస్తి అప్పుల జాబితా వేయించి, ఆస్తి మేరకే అప్పుకు బాధ్యుడై స్వీకరించవచ్చు.

నిరాకరణ అన్న భావం ఈ పట్టణంలో ఆస్తి దగ్గర ఆగిపోలేదు. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి ఉత్తర్వు ప్రకారం, ఇక్కడి భారతీయుడు అధికారి ఎదుట సంతకం చేసి, తన వైయక్తిక ధర్మశాస్త్రాన్నే వదులుకొని, కొత్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు. ఆ మార్గానికి నాయకత్వం వహించిన న్యాయవాది పొన్నుతంబి పిళ్ళై తన ఇంటిపేరును ద్వారమనే అర్థం వచ్చే లాపోర్త్‌గా మార్చుకొన్నాడు. తాతముత్తాతల శాసనాన్ని ఒక్క సంతకంతో కాదనవచ్చునన్న ఆ ధైర్యం చరిత్రలో చిన్న విషయం కాదు.

అయితే ఏ సంతకానికీ లొంగని వారసత్వం ఒకటున్నది. అది రక్తగతమైనది. దానికి స్పష్టమైన ఉదాహరణ వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్టరాల్ వ్యాధి. రక్తంలోని ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్‌ను పట్టి లోనికి తీసుకొనే గ్రాహకాలు కాలేయ కణాలమీద ఉంటాయి. వాటిని 1970 దశకంలో కనుగొన్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. ఆ గ్రాహకాలకు సంబంధించిన జన్యులోపం తల్లి లేక తండ్రి నుంచి మాత్రమే వస్తే, పుట్టుకనుంచే కొలెస్టరాల్ అధికంగా ఉంటుంది. చికిత్స లేనిపక్షంలో అట్టి పురుషులలో దాదాపు సగంమంది 50 ఏళ్ళలోపే గుండెజబ్బు పాలవుతారు. ప్రపంచంలో సుమారు 250 మందిలో ఒకరికి ఈ స్థితి ఉన్నదని అంచనా. లోపం ఇరువైపులనుంచీ వచ్చినవారు సుమారు మూడు లక్షలలో ఒకరు. వారికి బాల్యంలోనే మోకాళ్ళమీద, మోచేతులమీద, మడమ వెనుక పసుపుపచ్చని గడ్డలు కనిపిస్తాయి; యౌవనం రాకముందే గుండెపోటు రావచ్చు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. యానాంనుంచి ఒక తండ్రి తన పదేళ్ళ కుమార్తెను ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయించి పుదుచ్చేరి ఆసుపత్రికి తీసుకొని వచ్చాడు. చర్మవ్యాధి అనుకొన్న గడ్డలకు కారణం కొలెస్టరాల్ అని, లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ ఉన్నదని తేలింది. వారిది మేనరికం. పెద్దమ్మాయికి మేనత్త కొడుకుతోనే సంబంధం కుదిరి ఉన్నది. ఆ తండ్రి వైద్యుని మొదట కోరినది మందు కాదు. ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదని కోరాడు. ఈ కోరిక న్యాయమైనదేనా?

ఆ కోరిక వెనుక ఉన్నది సిగ్గు. వంశదోషమనే మాటలో నిందార్థం ఇమిడి ఉన్నది. ఎవరో ఏదో తప్పు చేశారన్న ధ్వని ఉన్నది. భారతంలోని యయాతి కథను ఇక్కడ స్మరించడం ఉచితం. శాపవశాన వచ్చిన ముసలితనాన్ని తీసుకొమ్మని యయాతి తన కుమారులను ఒక్కొక్కరినే అడిగాడు. నలుగురు కాదన్నారు, పూరుడు అంగీకరించాడు. ఆ కథలో ఇచ్చేవానికి ఎంపిక ఉన్నది, పుచ్చుకొనేవానికీ ఎంపిక ఉన్నది. కనుకనే కీర్తికీ నిందకూ చోటున్నది. జన్యువు విషయంలో ఎవరినీ ఎవరూ అడగలేదు. ఇచ్చిన తాతకు తాను ఇస్తున్నట్లు తెలియదు. పుచ్చుకొన్న మనుమరాలు కాదనలేదు. ఎంపిక లేనిచోట అపరాధం లేదు. కాని తెలిసిన క్షణంనుంచి పరిస్థితి వేరు. రోగం ఎవరి తప్పూ కాకపోయినా, తెలిసి దాచడం మాత్రం ఒకరి నిర్ణయమే అవుతుంది.

ఈ వ్యాధికి మందులు లేకపోలేదు. జపాను శాస్త్రజ్ఞుడు అకీరా ఎండో 1973లో ఒక బూజునుంచి గుర్తించిన పదార్థం స్టాటిన్ మందులకు మూలం. అవి కాలేయంమీద గ్రాహకాలను పెంచుతాయి. అందుచేత ఒకవైపునుంచి లోపం వచ్చినవారికి ఎంతో మేలు చేస్తాయి. గ్రాహకాలే దాదాపుగా లేని పిల్లలలో వాటి ప్రభావం స్వల్పం. అట్టివారికి రక్తాన్ని యంత్రం ద్వారా వారం పది రోజులకొకసారి వడకట్టవలసి వచ్చేది. 1984లో అమెరికాలో ఆరేళ్ళ బాలికకు గుండెను, కాలేయాన్ని కలిపి మార్చినది ఈ వ్యాధి కారణంగానే. 2021 ఫిబ్రవరిలో అక్కడ అనుమతి పొందిన ఎవినాక్యుమాబ్ అనే మందు గ్రాహకాలతో నిమిత్తం లేకుండా పనిచేస్తుంది. శరీర బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు వారాలకొకసారి, సుమారు గంటసేపు సిరలోకి ఎక్కిస్తారు. 65 మంది రోగులపై జరిపి 2020లో ప్రకటించిన పరీక్షలో, మందు పొందినవారి ఎల్.డి.ఎల్. 24 వారాలలో సగటున 47 శాతం తగ్గింది.

ఈ మందు ఎట్లా వచ్చినదో గమనిస్తే తండ్రి కోరికకు సమాధానం దొరుకుతుంది. ఒక కుటుంబంలోని తోబుట్టువులకు రక్తంలో కొవ్వులన్నీ అసాధారణంగా తక్కువగా ఉండేవి. వారు తమ రక్తాన్ని పరిశోధనకు ఇచ్చారు. ఏ.ఎన్.జి.పి.టి.ఎల్.3 అనే ప్రొటీనుకు సంబంధించిన జన్యువు వారిలో పనిచేయడం లేదని 2010లో తేలింది. ఆ ప్రొటీనును అడ్డుకొనేదే ఈ మందు. అంతకుముందు 2003లో, అధిక కొలెస్టరాల్ గల ఫ్రెంచి కుటుంబాల పరిశీలనలో పి.సి.ఎస్.కె.9 అనే మరొక జన్యువు పాత్ర బయటపడి, మరికొన్ని మందులకు దారితీసింది. అంటే ఏ కుటుంబమో తన ఇంటి గుట్టును విప్పి చెప్పినందువల్లనే యానాం బాలికకు ఒక ఆశ కలిగింది. ఇతరుల నిష్కాపట్యపు ఫలాన్ని అనుభవించగోరేవాడు, తన తోబుట్టువు దగ్గర మౌనం వహించడం ధర్మం కాదు.

వివాహం చెడిపోతుందన్న భయాన్ని తేలికగా తీసివేయరాదు. యానాంకు కళ్యాణపురమన్న పేరు ఊరక రాలేదు. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చాక, బ్రిటిషు ఆంధ్రంలోని కుటుంబాలు ఆ చట్టం చెల్లని ఫ్రెంచి యానాంకు వెళ్ళి బాల్యవివాహాలు జరిపించేవి. ఆనాడు సరిహద్దు దాటితే చట్టం తప్పేది. దేహధర్మానికి అట్టి సరిహద్దు లేదు. లోపమున్న ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ ఇరువైపుల లోపం సంక్రమించే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనత్తకు సంగతి చెప్పకపోతే పెళ్ళి జరుగుతుంది. కాని ఆమె కొడుకుకు లోపం ఉన్నట్లయితే ముప్పై నలభై ఏళ్ళకే అతని గుండె ఆగిపోవచ్చు. చెప్పడమంటే సంబంధం తెంచడం కాదు. ఇద్దరూ పరీక్ష చేయించుకొని, ఉన్నది తెలుసుకొని నిర్ణయించుకోవడం. అది ఫ్రెంచి పౌరస్మృతి చూపిన మూడవ మార్గం వంటిది. వారసత్వాన్ని కాదనలేనప్పుడు జాబితా వేయించుకొనైనా స్వీకరించాలి.

వైద్యుని ధర్మం ఇక్కడ సున్నితమైనది. రోగి రహస్యాన్ని కాపాడవలసినవాడు అతడు. ఒక నిర్దిష్ట వ్యక్తికి తీవ్రమైన ప్రమాదమున్నప్పుడు వెల్లడించవచ్చునని 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి పేర్కొన్నది. అయినా అధికారం ఉపయోగించి చెప్పినదానికంటె, అన్న నోట చెల్లెలు విన్నదే మేలు. వైద్యుడు చేయదగినది తండ్రిని ఒప్పించడం. ఆ మాట చెప్పే వేళ అతనికి తోడుగా నిలవడం. నెదర్లాండ్స్‌లో 1994నుంచి దాదాపు రెండు దశాబ్దాలపాటు ఒక రోగినుంచి బంధువులకు, వారినుంచి మరికొందరికి పరీక్షలను విస్తరింపజేసిన కార్యక్రమం ఈ పద్ధతి సాధ్యమేనని చూపింది.

ఇక మిగిలినది ప్రభుత్వధర్మం. 2011 జనాభా లెక్కల ప్రకారం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంత జనసంఖ్య 12,47,953. ప్రపంచ అంచనాలను దీనికి అన్వయిస్తే ఒకవైపు లోపం గలవారు సుమారు 5,000 మంది. ఇరువైపుల లోపం గలవారు నలుగురు. మొదటివారికి కావలసినది ఒక రక్తపరీక్ష, రోజుకు కొద్ది రూపాయల మాత్ర. రెండవవారికి కావలసిన ఎవినాక్యుమాబ్ విడుదలైనప్పుడు అమెరికాలో ప్రకటించిన సగటు ధర ఏడాదికి సుమారు 4,50,000 డాలర్లు. మన లెక్కలో మూడు కోట్ల రూపాయలకు పైమాటే. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తించిన వ్యాధులకు, 2022లో పెంచిన మేరకు, ఒక్కొక్క రోగికి ఇవ్వగల సాయం 50 లక్షల వరకు.

ఈ అంకెలు చూసి నలుగురిని విడిచి ఐదువేల మందిని చూడమనే వాదన బలమైనదే. కాని సంపూర్ణమైనది కాదు. ఆ ఐదువేల మంది ఎవరో అధికారికి తెలియదు. వారిలో అత్యధికులకే తెలియదు. వారి ఇళ్ళకు దారి చూపేది ఆ నలుగురు పిల్లలే. యానాం బాలిక ఒంటిమీది గడ్డలే ఆమె తండ్రికి, తల్లికి, బహుశః మేనత్తకు, మేనబావకు ప్రాణరక్షణకు కారణం కావచ్చు. ఆమెవల్ల అందరూ చౌకమాత్రతో బతికి, ఆమెది మాత్రం ఖరీదైన ప్రాణమని పక్కన పెడితే, ఆమెను మనిషిగా గాక సూచికగా వాడుకొన్నట్లవుతుంది. అందుచేత ఐదువేల మందికి పరీక్ష, నలుగురికి చికిత్స అన్నవి పరస్పరం పోటీపడే పద్దులు కావు. ఒకే ఋణంలోని రెండు భాగాలు. ధర తగ్గించేందుకు బేరమాడడం, పరిమితులను పునఃపరిశీలించడం, అంతవరకు దొరికే చికిత్సనైనా ఆగకుండా అందించడం ప్రభుత్వాల వంతు.

కాని ఆ ఋణంలో మొదటి వాయిదా ఏ ఖజానానుంచీ రానవసరం లేదు. అది తండ్రి చేతిలోనే ఉన్నది. పెళ్ళికి ముహూర్తం పెట్టకముందే అతడు మేనత్త ఇంటికి వెళ్ళి, చెల్లెలిని కూర్చోబెట్టి, అబ్బాయికి, నీకు రక్తపరీక్ష చేయించమ్మా అని చెప్పాలి. ఎందుకన్నయ్యా అని ఆమె అడిగినప్పుడు, ఉన్నది ఉన్నట్లు చెప్పాలి.