ఓడిన రాక్షసుడికి గుడిలో చోటు

వరంగల్ దగ్గరి ఐనవోలులో మల్లన్న కోరమీసాలతో, చేత ఖడ్గం పట్టి కొలువై ఉంటాడు. కాకతీయుల నాటి గుడి అది. సంక్రాంతికి మొదలైన జాతర ఉగాది దాకా సాగుతుంది. మణి, మల్లుడు అనే రాక్షస సోదరులను సంహరించడానికి శివుడు ఎత్తిన రూపమే ఈ దేవుడని కథ. కన్నడ నాట ఈయనే మైలారలింగడు, మహారాష్ట్రలో ఖండోబా.

ఖండోబా కథలో మణి చనిపోయే ముందు పశ్చాత్తాపపడి తన తెల్లగుర్రాన్ని దేవుడికి అర్పిస్తాడు. ప్రతి గుడిలోనూ తనకు చోటు, మేకమాంసం నైవేద్యం కావాలని అడుగుతాడు. దేవుడు సరేనంటాడు. మల్లుడు మాత్రం లోకమంతా నాశనం కావాలని కోరి తల పోగొట్టుకుంటాడు. ఆ తల గుడి మెట్ల దగ్గర పడి, వచ్చే పోయే భక్తుల కాళ్ల కింద నలుగుతుంది.

శత్రువును చంపిన దేవుడు అతణ్ణి గుళ్లోకి ఎందుకు రానిచ్చాడు? ఈ కథలో లోతైన ప్రశ్న ఇదే. పోలిక కోసం చూస్తే, ఇంగ్లండులో డర్హమ్ ప్రాంతపు సాక్‌బర్న్ కథలో కాన్యర్స్ వంశపు వీరుడు ఊరిని పీడించే మహాసర్పాన్ని నరుకుతాడు. ఆ వీరుడిదే అని చెప్పే 13వ శతాబ్దపు కత్తి డర్హమ్ కెథీడ్రల్‌లో ఉంది. కొత్త బిషప్ వచ్చినప్పుడు క్రాఫ్ట్ వంతెన మీద ఆయన చేతికి కత్తి అందించే ఆచారం 1826 తరువాత ఆగిపోయి, 1984లో మళ్లీ మొదలైంది. అక్కడ మర్యాదంతా కత్తికే. సర్పం కథ చావుతో ముగిసింది. మణి కథ చావుతో ముగియలేదు. చెడుకు శిక్ష పడాలి, కానీ మారిన మనిషిని ఆ పాత చెడుతోనే కొలవడం న్యాయం కాదని ఈ కథ నమ్ముతుంది. వరం మణి బలానికి దక్కలేదు, పశ్చాత్తాపానికి దక్కింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే నేరం, ఒకే ఓటమి. ఇద్దరినీ వేరు చేసింది చివరి కోరిక ఒక్కటే.

తెలంగాణలో ఒగ్గు పూజారులు ఈ దేవుణ్ణి ఇంటివాడిగా పాడతారు: నీలమ్మ, ఆదిరెడ్డిల కొడుకు, మేడలమ్మనూ గొల్ల కేతమ్మనూ పెళ్లాడినవాడు. పట్నం అనే రంగుల ముగ్గు వేసేటప్పుడు పూజారి నేల మీద కూర్చుని పసుపు, కుంకుమ, బియ్యప్పిండి చిటికెల్లోంచి సన్నగా జారవిడుస్తూ గళ్లు గీస్తాడు. ఆ రంగుల నడుమ దేవుణ్ణి నిలిపి పెళ్లి చేస్తారు. రాక్షసుల్ని చీల్చిన ఖడ్గధారి ఆ వేళ పెళ్లికొడుకు. ఆయనకున్న మల్లారి అనే పేరుకు అర్థం మల్లుడి శత్రువని. గుడి లోపల చోటు దొరకని సోదరుడు ఆ పేరులో ఉండిపోయాడు.