మారకైబో బాకీ

హంటింగ్టన్ వ్యాధి అనగానే నాకు వెనిజులాలోని మారకైబో సరస్సు గుర్తొస్తుంది. ఆ ఒడ్డున బెస్తపల్లెల్లో దాన్ని ‘ఎల్ మాల్’ అంటారు, అంటే కీడు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం.

1980లలో నాన్సీ వెక్స్‌లర్ బృందం ఏటా అక్కడికెళ్ళి ఆ కుటుంబాల రక్తం సేకరించింది, వంశవృక్షాలు గీసింది. 1993లో జన్యువు దొరికింది. వెక్స్‌లర్ తల్లి కూడా ఆ జబ్బుతోనే పోయింది, కాబట్టి ఆవిణ్ణి దోచుకుపోయిన మనిషి అనడానికి నాకు నోరు రాదు. చిక్కంతా అక్కడే.

అదుపులేని కదలికల్ని తగ్గించే మందుకి 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. రక్తమిచ్చిన చోట మాత్రం, 1999లో ‘కాసా హోగార్’ అనే ఆశ్రయం తెరిచారు. అన్నం, స్నానం, మందులు. (ఒళ్ళు ఆగకుండా కదులుతుంటే మామూలు తిండి చాలదు.) కొన్నేళ్ళకి అదీ మూతపడింది.

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి. ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్లు బోలెడు పెట్టాను. అది నొక్కితే లెక్క తీరినట్టే అనుకునేవాణ్ణి. మరి ఆ ఒడ్డున, ఇంట్లో ముగ్గురు మంచాన పడ్డ మనిషి చెయ్యి చాపి ‘సరే’ అన్నాడంటే, దేనికి సరే అన్నట్టు? సైన్సుకా, వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారనా?